లాభం, రెండు, మూడు

బస్సు తలుపు దగ్గర నిలబడి లెక్క మొదలెట్టాను.
లాభం, రెండు, మూడు...
ఒకటి అనడం నా నోటికి రాదు.
ఇరవై ఏడేళ్లుగా మండపేట మిల్లుల్లో
కాటా పక్కన బస్తాలు లెక్కెట్టిన నోరిది.
మొదటి బస్తా ఎవరిదైనా దాని పేరు లాభమే.
ముప్ఫై తొమ్మిది మంది,
సంచులు కుట్టే వెంకాయమ్మతో కలిపి,
కర్ర పోటేసుకుని వచ్చిన అబ్బులుతో కలిపి.

బస్తాకి పావలా చొప్పున
రెండేళ్లు పక్కనపెట్టిన డబ్బు ఇది.
దుర్గయ్య ఇనప్పెట్టెలో ఉండి,
ఓసారి అతని మేనకోడలి ఆసుపత్రికి వెళ్లి,
నెల తిరక్కుండా వెనక్కొచ్చిన పావలాలు.
గోదారి చూడ్డానికా?
ఇక్కడ లేదా గోదారి? అన్నాడు షావుకారు.
ఉందండి, ఆయ్.
కాలవై మిల్లు గుమ్మంలోంచే పోతందండి.
కూర్చుని చూళ్లేదండి.

జొన్నాడ వంతెన మీద పాటలు.
రావులపాలెంలో అరటిగెలల లారీ ఎదురొస్తే
పాట ఆగిపోయింది.
అందరి కళ్లూ లోడు మీదే.
ఎడం పక్క వాలింది, తాడు బిగించుకో అని
నూకరాజు కిటికీలోంచి కేకేసి మరీ చెప్పాడు.
గన్నవరం అక్విడెక్టు దాటాక
ఎవరో మళ్లీ పాటెత్తుకున్నారు గానీ
అప్పటికి సగం బస్సు గురకపెడుతోంది.

దిండిలో దిగామో లేదో
యూనిఫాం కుర్రాడొకడు పరుగెత్తుకొచ్చి
యేసురత్నం చేతిలో సంచి పట్టుకున్నాడు.
రత్నం వదల్లేదు.
కుర్రాడు లాగాడు, రత్నం లాగాడు.
రెండు లుంగీలు, ఓ తువ్వాలు, వేరుశెనగ ఉండలు,
మహా అయితే కిలోన్నర.
"నా డ్యూటీ అండి" అన్నాడు కుర్రాడు ఏడుపు మొహంతో.
ఆ మాట రత్నానికి అర్థమైంది.
వదిలేసి వెనకాలే నడిచాడు,
ఖాళీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక
ఓసారి వీపు వెనక, ఓసారి చంకల్లో.
మెట్ల దగ్గర మాత్రం ఉండబట్టలేక
"భుజం మార్చుకో బాబూ" అన్నాడు.

రాత్రి పరుపులు మమ్మల్ని ఒప్పుకోలేదు.
మెడ కింద కాయకట్టిన చోటు
ఆనుకోడానికి గట్టిదేదో అడుగుతుంది.
ఒక్కొక్కళ్లే దిగి వరండా గచ్చు మీదకొచ్చారు.
ఎదురుగా వశిష్ఠ, చీకట్లో కదుల్తున్నట్టే లేదు.
పోటు మొదలైందండి,
ఇందాక పోయిన నీళ్లే వెనక్కొస్తున్నాయండి
అని కాపలా ముసలాయన చెప్పాడు.
సముద్రం దాకా మోసి, మళ్లీ తిరిగి తేవడం!
"రానూపోనూ కూలెవరిస్తారో" అంది వెంకాయమ్మ.
కాసేపు ఎవరూ నవ్వలేదు.
తర్వాత నవ్వు ఆగలేదు.

ఆదివారం నాలుగింటికి బస్సు దగ్గర
లాభం, రెండు, మూడు...
ముప్ఫై ఎనిమిది.
మళ్లీ లెక్కెట్టాను. ముప్ఫై ఎనిమిదే.
బస్తా తగ్గితే నా కూలిలో కోస్తారు.
మనిషి తగ్గితే ఏం చెయ్యాలో
నాకెవరూ నేర్పలేదు.
నలుగురు రేవు వైపు పరుగెత్తారు.
నేను తోటల్లో వెతికి, వంటపాకలో వెతికి,
ఇవతలి పక్కకొచ్చేసరికి
ఈత కొలను గట్టు మీద
ముందు కర్ర కనబడింది.

నీళ్ల మీద వెల్లకిలా అబ్బులు.
చేతులు చాపి, బొజ్జ ఆకాశానికిచ్చి.
నెట్టు కూలి మీద పడ్డప్పుడు
రెండుచోట్ల విరిగిన ఆ కాలు కూడా
మిగతా ఒంటితో సమానంగా తేలుతోంది.

"రావయ్యా, టైమైంది" అని అరిచాను.
గొంతు వణికిందని నాకే తెలిసింది.
అతను కళ్లు తెరవలేదు.
"కాటా పెట్టు మేస్త్రీ,
ఇప్పుడు పెట్టు.
ఎంత తూగుతానో రాసుకో."

తెల్లారి ఆరింటికి లారీ ఉంది,
నాలుగొందల బస్తాలు.
అతనికి తెలుసు, నాకూ తెలుసు.
చెప్పులు విడిచి గట్టున కూర్చుని
కాళ్లు నీళ్లలో పెట్టాను.
డ్రైవరు మూడోసారి హారను కొట్టాడు.